చేసుకున్నవాళ్లకి చేసుకున్నంతేనా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: “చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత” అంటారు పెద్దలు. ఒకప్పుడు మా వైపు సారా అమ్మినవాళ్లు మేడలు కట్టారు. చుక్క ముట్టని ఆడవాళ్లు, పిల్లలు పస్తులున్నారు. మరి సామెత ఎట్లా నిజం? సారా మీద ఆడవాళ్లు తిరగబడ్డ దూబగుంట సంగతి బడిపిల్లలకు చెప్పాలనుకుంటున్నాను, వివరంగా రాయండి.
– ఒక ఉపాధ్యాయిని, ఉదయగిరి

జవాబు: టీచరుగారూ, సారా విషయంలో ఆ సామెత సరిపోదు. తాగింది ఒకరు, అమ్మింది ఇంకొకరు, అమ్మే హక్కును వేలంపాటలో పాడుకున్నది మరొకరు, ఆ పాట పెట్టింది ప్రభుత్వం. పస్తు పడుకున్నది మాత్రం ఈ నలుగురిలో ఎవరూ కాదు. ముందు ఈ వరసను నల్లబల్ల మీద రాసి చూపించండి. ఎవరి వాటా తప్పు వాళ్లకు చిన్నదిగానే కనిపించింది, అందుకే అది అన్నేళ్లు సాగింది.

1980లలో ప్రభుత్వం సారాను ‘వారుణి వాహిని’ పేరుతో ప్యాకెట్లలోకి తెచ్చింది. ప్యాకెట్ అయ్యేసరికి సారా దుకాణంలో ఆగలేదు. సంచిలో వేసుకుని ఏ సందులోనైనా అమ్మొచ్చు. కూలి డబ్బు ఇల్లు చేరేలోపే దారిలో కరిగిపోయేది.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రిబడి అక్షరాలతో పాటు ఇంకోటి కూడా ఇచ్చింది. పది మంది ఆడవాళ్లు ఎవరి అనుమతీ అడక్కుండా రోజూ ఒకచోట కూర్చునే వీలు అది. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ ముందు నిలబడగా ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ కథ ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై మిగతా ఊళ్ల రాత్రిబళ్లకు చేరింది. చదివినవాళ్లు చీపుర్లు, కారప్పొడి పట్టుకుని బయల్దేరారు. ప్యాకెట్లు ఊళ్లోకి రాకుండా కాపలా కాశారు, దొరికినవి తగలబెట్టారు.

పిల్లలకు తప్పక చెప్పాల్సిన కీలకం వేలంపాట. కాంట్రాక్టరు ఒక ప్రాంతాన్ని ఏడాదికని వేలంలో పాడుకునేవాడు. ఈ ఊళ్లో కొట్టు మూస్తే పక్క ఊళ్లో తెరిచేవాడు. పాటే జరక్కపోతే తెరవడానికి హక్కే ఉండదు. ఆ కిటుకు ఆడవాళ్లకు అందింది. 1992లో నెల్లూరులో పాటలకు అడ్డుపడ్డారు, అవి మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అదే ఏడు అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

1995 జనవరి 16న మొదలైన సంపూర్ణ మద్యనిషేధం మాత్రం 1997లోనే సడలింది. పక్క రాష్ట్రాల నుంచి సరుకు దొంగతనంగా వచ్చింది, నాటుసారా బట్టీలు లేచాయి, ఖజానాకు రాబడి తగ్గింది. ఇదీ దాచకుండా చెప్పండి.

నిలిచింది పొదుపు. సారాకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి పక్కన పెట్టడంతో ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు పుట్టాయి. పిల్లల చేత లెక్క వేయించండి: ఒకరికి నెలకు 30, పది మందికి 300, ఏడాది 365 రోజులకు ఆ పది మందివీ కలిపి 3,650. వడ్డీవ్యాపారి గడప తొక్కకుండా ఒక కాన్పు ఖర్చో, విత్తనాల ఖర్చో గట్టెక్కడానికి ఆ రోజుల్లో అది అక్కరకొచ్చే డబ్బు.

ప్రశ్న: రోశమ్మ లేకుంటే ఉద్యమం వచ్చేదా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: వచ్చేదే కావచ్చు, కానీ ఆ ఏడాదే వచ్చేదని అనలేం. పొట్టి శ్రీరాములు గారిని చూడండి. ఆంధ్ర మహాసభ 1913లోనే బాపట్లలో మొదలైంది, తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం కావాలనే మాట అప్పటి నుంచీ ఉంది. ఆయన 1952 అక్టోబర్ 19న మొదలుపెట్టి 58 రోజులు నిరాహారంగా ఉండి ప్రాణం విడిచాక, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. సరిగ్గా నలభై ఏళ్లకు అదే తేదీన సారా పోయింది. పొయ్యి ముందే పేర్చి ఉంటుంది, అగ్గిపుల్ల గీసిన చెయ్యి కూడా లెక్కలోకే వస్తుంది.

ప్రశ్న: మా ఊళ్లో బెల్టుషాపు (లైసెన్సు లేని మద్యం కొట్టు) నడుస్తోంది. డ్వాక్రా సంఘం వాళ్లం ఏం చేయాలి?
– సంఘ సభ్యులు, పొదిలి దగ్గర

జవాబు: అమ్మలారా, కొట్టు మీద పడి పగలగొట్టొద్దు, కేసు తిరిగి మీ మీదికే వస్తుంది. ముందు వారం రోజులు రాసి పెట్టండి: తేదీ, వేళ, ఏ వీధి, ఎవరింటి పక్కన. పారేసిన ఖాళీ సీసాల లేబుళ్లు, మూతల మీది హోలోగ్రాములు ఫోన్లో తీయండి. సరుకు ఏ లైసెన్సు షాపు నుంచి వచ్చిందో పట్టుకోవడానికి ఎక్సైజ్ వాళ్లకు అవే ఆధారం.

తర్వాత సంఘం మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాసి అందరూ సంతకాలు పెట్టండి. ఒక్కరి పేరుతో వెళ్తే రాత్రికి ఆ ఇంటి మీదికి మనుషులొస్తారు. అదే తీర్మానాన్ని గ్రామసభలోనూ రాయించండి. అర్జీలు మూడు తీయండి. ఒకటి ఎక్సైజ్ స్టేషన్‌కు, ఒకటి కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌కు, మూడోదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని మీ దగ్గరే ఉంచుకోండి. ఆ ముద్ర లేకపోతే అర్జీ ఇవ్వనట్టే. నెలైనా కదలిక లేకుంటే సమాచార హక్కు దరఖాస్తు వేసి, ‘మా అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారు’ అని ఒక్క ప్రశ్న అడగండి. గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు.

చాలాచోట్ల పని చెడేది అర్జీల దగ్గర కాదు, అమ్మే మనిషి దగ్గర. అమ్మేది ఏ ఆధారమూ లేని ఒంటరి ఆడమనిషి అయితే, ఊరి కోపమంతా ఆమె మీద పడుతుంది, సరుకు దింపేవాడు ఇంకో ఇల్లు చూసుకుంటాడు. గేదెకో టిఫిన్ బండికో సంఘం నుంచి ఆమెకు అప్పు ఇప్పించి, ఆ తర్వాత కొట్టు మూయమనండి. గుండు కొట్టించడం, ఊరేగించడం లాంటివి అప్పట్లో జరిగాయని ఇప్పుడు చేయొద్దు. అది నేరం, అంతకు మించి అన్యాయం.

ప్రశ్న: మా వారు పదేళ్లుగా పొద్దున్నే మొదలుపెట్టి తాగుతారు. ఈ కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారిగా మానేస్తానంటున్నారు. సంతోషించాలా, భయపడాలా?
– ఒక సోదరి, కందుకూరు

జవాబు: సంతోషించమ్మా, కానీ మాలకు పది రోజుల ముందే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. రోజూ తాగేవాళ్ల మెదడు మందుకు అలవాటుపడి ఉంటుంది. అది ఒక్కసారిగా ఆగితే పట్టు తప్పుతుంది. ఆపిన ఆరేడు గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి పురుగులు పాకుతున్నట్టు కనిపిస్తుంది, మనిషిని గుర్తుపట్టరు, ఏదేదో మాట్లాడతారు. మాలలో ఉన్నారు కాబట్టి ఇంట్లోవాళ్లు పూనకమనుకుని హారతి పడతారు. అది ప్రాణాల మీదికి వచ్చిన జబ్బు, వెంటనే 108కి ఫోన్ చెయ్యి.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టు. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో చెంచా, నీళ్లు ఏమీ వద్దు. నీరసంగా ఉన్నారని ఊళ్లో గ్లూకోజ్ పెట్టించొద్దు. తాగేవాళ్లలో బి1 విటమిన్ తగ్గిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆస్పత్రిలో ముందు బి1 ఇంజెక్షన్ ఇస్తారు, వణుకు, ఫిట్స్ రాకుండా ఇచ్చే మందును వారం దాకా రోజురోజుకూ తగ్గిస్తారు. ఆ మాత్రలు కొట్లో కొని సొంతంగా వేయొద్దు. మాట్లాడటానికి టెలిమానస్ నంబరు 14416, మత్తు మాన్పించే సలహాకు 14446.

ఇంకోటి. 41 రోజులయ్యాక మాల తీసే రోజు కూడా గండమే. ఒంటికి అలవాటు తప్పి ఉంటుంది, పాత మోతాదు తాగితే తట్టుకోలేదు. శబరిమల నుంచి దిగే బస్సులో పక్క సీటు ఎవరిదో ఇప్పుడే చూసుకో. తాగని బావమరిదో తమ్ముడో ఉంటే వాళ్లను కూర్చోబెట్టు, ఆ వారం సాయంత్రాలు ఆయన ఒక్కరే బజారుకు వెళ్లకుండా చూసుకోండి.