ఫెట్ మార్చడం ఆపి స్కోప్ చూడు

హనుమకొండ

బిడ్డా,

నీ హ్యామ్ రేడియో ట్రాన్స్‌మిటర్‌లో మూడో మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్, మనం ఫెట్ అనేది) కూడా కాలిపోయిందని, ఈసారి ఇంకా పెద్దది తెప్పిస్తానని రాశావు. తెప్పించకు. పెద్ద ఫెట్‌కు గేట్ ఛార్జ్, అంటే దాన్ని ఆన్ చేసే కాలికి ఎక్కించాల్సిన ఛార్జ్ కూడా ఎక్కువే. దాన్ని నింపడానికి గేట్‌ను నడిపే నీ డ్రైవర్ సర్క్యూట్ మరింత అవస్థ పడుతుంది. ఫెట్ పూర్తిగా తెరుచుకోక, పూర్తిగా మూసుకోక మధ్యలో ఉన్నప్పుడే ఎక్కువ వేడి పుట్టేది. నీ దగ్గరున్న ఐఆర్ఎఫ్ 540 చాలు.

లెక్క చూడు. 475 కిలోహెర్ట్జ్, 13.8 వోల్టులు, క్లాస్ ఈ, అంటే ఫెట్ మీద వోల్టేజీ సున్నాకు దిగాకే అది ఆన్ అయ్యే యాంప్లిఫయర్. డ్రైన్‌కు (ఫెట్ అవుట్‌పుట్ కాలికి) 5 ఓమ్‌ల లోడ్ కనిపించేలా చేస్తే 22 వాట్ల దాకా వస్తుంది. డ్రైన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య ఉండే షంట్ కెపాసిటెన్స్ 12 నానోఫారడ్‌ల చుట్టుపక్కల ఉండాలి, ఫెట్ లోపలిది కూడా కలుపుకొని. డ్రైన్ వోల్టేజీ 49 దాకా లేస్తుంది, 100 వోల్టుల ఫెట్ తట్టుకుంటుంది. 90 శాతం ఎఫిషియెన్సీ వస్తే వేడి రెండున్నర వాట్లే. మే నెలలో మన రేకుల గదిలో కూర్చుని పనిచేసేవాడికి అదెంత మేలో నీకు తెలుసు.

ఇప్పుడు స్కోప్ (వోల్టేజీ అలను తెర మీద చూపే ఆసిలోస్కోప్) పట్టుకో. ఒక ప్రోబ్ గేట్ మీద, ఒకటి డ్రైన్ మీద. గేట్ పైకి లేచే సమయానికి డ్రైన్ వోల్టేజీ మెల్లగా దిగి సున్నాకు చేరి ఉండాలి. అప్పటికి ఇంకా 30 వోల్టులు మిగిలి ఉంటే, ఆ కెపాసిటర్‌లోని ఛార్జ్ అంతా ఫెట్ మీదే పడుతుంది. వేడి ఇంకో రెండున్నర వాట్లు పెరుగుతుంది. షంట్ కెపాసిటర్ కొంచెం కొంచెం తగ్గిస్తూ చూడు. సున్నాను ముందే దాటి కిందికి పోతుంటే పెంచు. కెపాసిటర్లు పాలీప్రొపిలీన్‌వే పెట్టు. పది నిమిషాలు నడిపి, సప్లయ్ తీసేసి వేలితో తాకు. వేడెక్కినవి మార్చెయ్.

నేను ఏ తప్పుతో నష్టపోయానో కూడా చెప్తాను. పుష్‌పుల్ క్లాస్ డీ (రెండు ఫెట్‌లు వంతులవారీగా ఆన్ అయ్యేది) కట్టి, ఫ్లిప్‌ఫ్లాప్‌తో (క్లాక్ పల్సు వచ్చినప్పుడల్లా రెండు అవుట్‌పుట్‌లు తారుమారయ్యే చిప్‌తో) డ్రైవ్ ఇచ్చాను. మోర్స్ కీ వదలగానే ఫెట్ పోయేది. నాలుగు పోయాక గానీ అర్థం కాలేదు: కీ వదిలి క్లాక్ ఆగితే ఫ్లిప్‌ఫ్లాప్ ఒకవైపు హైలోనే నిలిచిపోతుంది, ఆ ఫెట్ తెరుచుకునే ఉంటుంది, సప్లయ్ చోక్ (సప్లయ్ దారిలోని కాయిల్) గుండా నేరుగా షార్ట్. అందుకే కీ క్లాక్‌ను ఆపకూడదు. క్లాక్‌ను తిరగనిచ్చి, డ్రైవర్ ముందు, కీ నొక్కినప్పుడే పల్సులను దాటనిచ్చే ఒక యాండ్ గేట్ చిప్ పెట్టి అక్కడ కీ చెయ్. నీ మూడో ఫెట్ కూడా కీ వదిలినప్పుడే పోయిందన్నావు కదా, నాకు అనుమానం ఇక్కడే.

హార్మోనిక్ ఫిల్టర్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెండింతలు, మూడింతలు ఉండే అనవసర సిగ్నళ్లను ఆపేది) లేకుండా యాంటెన్నా తగిలించకు. ఈ బ్యాండ్‌లో అలపొడవు 630 మీటర్లు, మన డాబా మీది తీగ దాని ముందు చాలా చిన్నది. ఆ చిన్న తీగను ట్యూన్ చేసే లోడింగ్ కాయిల్ మీద వోల్టేజీ చాలా ఎక్కువగా ఉంటుంది, చేయి పెట్టకు. వాన పడితే ట్యూనింగ్ తప్పిపోతుంది, ఆ మిస్‌మ్యాచ్ దెబ్బ ఫెట్‌కే తగులుతుంది. అందుకే కరెంట్ లిమిట్ ఉన్న సప్లయ్ వాడు, 5 వోల్టులతో మొదలుపెట్టు. నీ లైసెన్సులో ఈ బ్యాండ్ ఉందో లేదో చూసుకునేదాకా డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్) మీదే నడుపు.

డ్రైన్ వేవ్‌ఫామ్ ఫోటో తీసి పంపు. కీ వదిలిన క్షణానిది కూడా ఒకటి.

మీ పెద్దనాన్న