అంకె పక్కన ఏముండాలి?

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. గ్రూప్‌-1 మెయిన్స్‌ జనరల్‌ ఎస్సేకు సాధన చేస్తున్నాను. బాల్య వివాహాలపై నేను రాసిన వ్యాసం దిద్దిన లెక్చరర్‌ ‘ఆవేశం ఎక్కువ, ఆధారం తక్కువ’ అని రాశారు. ఇంకా ఎక్కువ గణాంకాలు బట్టీ పట్టాలా? వేటిని నమ్మాలి?

జవాబు: బట్టీ పెంచితే లాభం లేదు. తెలంగాణ గ్రూప్‌-1 జనరల్‌ ఎస్సే పేపర్లో మూడు గంటల్లో మూడు వ్యాసాలు రాయాలి. ఒక్కోటి 50 మార్కులకు, దాదాపు వెయ్యి పదాలు. అంత నిడివికి ఆరేడు అంకెలు చాలు. అయితే ఒక్కో అంకెను ఎవరు లెక్కించారో, ఎప్పుడు లెక్కించారో, ఎవరిని లెక్కించారో మీకు తెలిసి ఉండాలి. చాలామంది తప్పేది మూడో దాని దగ్గరే.

మీ అంశమే తీసుకుందాం. ‘ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం బాలికలకు పెళ్లిళ్లు చేసేస్తున్నారు’ అని రాస్తుంటారు. ఈ అంకె జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) లోనిది. అక్కడ ఉన్న మాట వేరు: సర్వే నాటికి 20-24 ఏళ్ల వయసున్న మహిళల్లో 18 నిండకముందే పెళ్లయినవారు 29.3 శాతం. లెక్కలోకి వచ్చినవారు బాలికలు కారు. ఆ పెళ్లిళ్లన్నీ సర్వేకు కనీసం రెండేళ్ల ముందు జరిగినవి. ‘చేసేస్తున్నారు’ అన్న ఒక్క క్రియతో వాక్యం తప్పయిపోయింది.

నాలుగో విడతలో (2015-16) ఇది 33 శాతం. కాబట్టి ‘3.7 శాతం తగ్గింది’ అని రాస్తే అదీ పొరపాటే. తగ్గింది 3.7 శాతం పాయింట్లు. 33లో 3.7 ఎంత అని శాతంలో చెప్పాలంటే సుమారు 11.

ఇప్పుడు ఇంకో ఆధారం చూడండి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలో బాల్య వివాహాల నిషేధ చట్టం కింద దేశమంతటా 2019లో 523, 2021లో 1,050 కేసులు నమోదయ్యాయి. దీన్నిబట్టి ‘రెండేళ్లలో బాల్య వివాహాలు రెట్టింపయ్యాయి’ అనేయకూడదు. పెరిగింది స్టేషన్‌ దాకా వచ్చిన కేసులు. ఫిర్యాదులు పెరిగినా ఈ అంకె పెరుగుతుంది. సర్వే ఎంపిక చేసిన ఇళ్లకు వెళ్లి అడుగుతుంది, నేర గణాంకాలు ఎఫ్‌ఐఆర్‌లను లెక్కిస్తాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి ఈ తేడాను రెండు వాక్యాల్లో చెప్పగలిగితే అంకెల జాబితా కంటే దానికే విలువ ఎక్కువ.

చట్టం విషయంలో గైడ్లను అసలు నమ్మొద్దు. మహిళల వివాహ వయసు 21కి పెరిగిందని రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. 2021 డిసెంబరులో లోక్‌సభలో బిల్లు ప్రవేశపెట్టి స్థాయీ సంఘానికి పంపారు. 2024లో 17వ లోక్‌సభ రద్దవడంతో అదీ మురిగిపోయింది. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21. చట్ట పాఠం ఇండియా కోడ్‌ వెబ్‌సైట్లో దొరుకుతుంది. సర్వే ఫ్యాక్ట్‌షీట్లు జిల్లాలవారీగా కూడా ఉన్నాయి. పార్లమెంటులో మంత్రులిచ్చిన లిఖితపూర్వక సమాధానాలు సభల వెబ్‌సైట్లో ఉంటాయి. వీటిని పెద్దగా ఎవరూ తెరవరు గానీ, సూటిగా, తేదీతో సహా ఉండే సమాచారం అక్కడే దొరుకుతుంది. పత్రికలో ‘ఒక సర్వే ప్రకారం’ అని కనిపిస్తే ఆ సర్వే పేరు పట్టుకుని అసలు నివేదికకు వెళ్లండి. వికీపీడియానైతే పేజీ అడుగున ఉన్న మూలాల కోసమే వాడండి. వాట్సాప్‌లో తిరిగే తేదీ లేని పీడీఎఫ్‌లను పక్కన పడేయండి.

ఇక ఆవేశం సంగతి. ‘సభ్యసమాజం సిగ్గుపడాల్సిన దురాచారం’ లాంటి మాట పరీక్షకుడికి కొత్తగా ఏమీ చెప్పదు. దాన్ని కొట్టేసి, అదే చోట కారణం రాయండి: ఊళ్లో పదో తరగతి తర్వాత కాలేజీ లేకపోవడం, వయసు పెరిగితే కట్నం పెరుగుతుందన్న భయం, పనులకు వలస వెళ్లేటప్పుడు ఎదిగిన పిల్లను ఎక్కడ వదలాలన్న ప్రశ్న. నిష్పాక్షికత అంటే రెండు వైపులకూ సమానంగా పేజీలు పంచడం కూడా కాదు. బాల్య వివాహం హానికరమా కాదా అన్నదానిపై ‘కొందరి వాదన’ అక్కర్లేదు. వయసు 21కి పెంచాలా అన్నది మాత్రం నిజంగానే వివాదం. అక్కడ ‘స్త్రీపురుషులకు ఒకే వయసు ఉండాలని సమర్థకులు, ఇష్టపడి పెళ్లి చేసుకున్న యువత కేసుల్లో చిక్కుకుంటారని విమర్శకులు’ అని ఎవరి మాట వారిదిగా చెప్పండి. మీ అభిప్రాయం చెప్పాలనుకుంటే ముగింపులో ఒక్క పేరా చాలు, అదీ పైన చూపిన ఆధారాల మీద నిలబడాలి.

అంకె సరిగ్గా గుర్తు రాకపోతే ‘దాదాపు 30 శాతం’ అని రాయడం మేలు. దశాంశాలతో తప్పు రాస్తే పరీక్షకుడికి మిగతా అంకెల మీదా అనుమానం మొదలవుతుంది.

ఒక్కో వ్యాసానికి గంట. అందులో మొదటి పది నిమిషాలు ప్రణాళికకు, చివరి ఐదు సరిచూసుకోవడానికి ఉంచుకోండి. సాధనకు ముందుగా తిరిగొచ్చిన ఆ వ్యాసాన్నే తీయండి. ప్రతి వాక్యం పక్కన ‘ఎవరు చెప్పారు?’ అని పెన్సిల్‌తో రాసి, జవాబు లేనివాటికి ఆధారం వెతకండి. దొరకనివాటిని తీసేసి, మిగిలినదాన్ని గడియారం పెట్టుకుని మళ్లీ రాయండి.