స్టారు కట్టాలా, వద్దా?

ప్రశ్న: అయ్యగారూ, మా యూత్ వాళ్ళం క్రిస్మస్‌కి గుడి ముందు పశువుల పాక వేసి నాటిక ఆడుతున్నాం. "చోటు లేదు పొండి" అనే సత్రం యజమాని వేషం ఎవరూ వేయనంటున్నారు. బైబిల్లో అతని మాటలు ఎక్కడున్నాయో చెబితే చిన్నదిగా రాసుకుంటాం. (యూత్ సెక్రటరీ, తణుకు)

జవాబు: ఎంత చిన్నదిగా రాసుకున్నా ఎక్కువే బాబూ. యేసు పుట్టుక చెప్పే లూకా సువార్త 2వ అధ్యాయంలో ఆ మనిషే లేడు. ఉన్నది ఒక్క ముక్క, "సత్రములో వారికి స్థలము లేనందున" అని. మనం సత్రం అని చదువుకునే చోట లూకా రాసిన గ్రీకు మాట 'కటలూమ'. ఇదే మాట 22వ అధ్యాయంలో, పస్కా భోజనం దగ్గర, మన తెలుగు బైబిల్లోనే 'విడిది గది' అయింది. డబ్బిచ్చి దిగే చోటుకు లూకా దగ్గర వేరే మాట ఉంది. మంచి సమరయుని కథలో పూటకూళ్లవాని ఇల్లు అదే. ఆ పూటకూళ్లవాడికి రెండు దేనారములు కూడా ముట్టాయి.

కాబట్టి బేత్లెహేములో నిండిపోయింది చుట్టాల ఇంట్లో విడిది గది కావచ్చు. ఆ రోజుల్లో అక్కడి చాలా పల్లె ఇళ్ళలో రాత్రిపూట పశువుల్ని ఇంట్లోనే ఒక చివర కట్టేసేవారు, తొట్టి కూడా అక్కడే. పండక్కి జనం ఎక్కువైతే మన ఇళ్ళలో పసిపిల్లని ధాన్యం బస్తాల పక్కన పడుకోబెట్టడం ఎరగమా? ఎద్దూ గాడిదా కూడా లూకాలో లేవు. "ఎద్దు తన కామందు నెరుగును" అన్న యెషయా మాట నుంచి నడిచి వచ్చాయవి. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ ఫ్రాన్సిస్ నిజం ఎద్దునీ గాడిదనీ తెచ్చి నిలబెట్టాడు. మీరూ నిలబెట్టండి, తప్పులేదు. గడ్డి దగ్గర సీరియల్ సెట్ వైరు మాత్రం వేలాడనివ్వకండి.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా ఆయన పోయి ఆరు నెలలు. ఏటా డాబా మీద వెదురుబద్దల క్రిస్మస్ స్టారు ఆయనే కట్టేవారు. ఈసారి వద్దన్నాను. మా అత్తగారు "ఇమ్మానుయేలంటే దేవుడు మనకు తోడనే గదా, ఆ తోడుండగా ఏడుపెందుకు, కట్టించు" అంటున్నారు. నాకు ఆ తోడు ఎక్కడా కనబడటం లేదు. ఇలా అనుకోవడం పాపమా? (ఒక సోదరి, నరసాపురం)

జవాబు: పాపం కాదమ్మా.

గ్రీటింగు కార్డుల మీద జరీ అక్షరాల్లో చూసి చూసి ఇమ్మానుయేలు అంటే పండగ మాట అనుకుంటాం. ఆ పేరు మొదట చెప్పింది భయంతో వణుకుతున్న ఒక రాజుకి. యెషయా 7వ అధ్యాయం తీయండి. సిరియా రాజు రెజీను, ఇశ్రాయేలు రాజు పెకహు ఏకమై యెరూషలేము మీదికి వస్తున్నారని తెలిసి యూదా రాజు ఆహాజు గుండె, అతని జనం గుండె, గాలికి అడవి చెట్లు ఊగినట్టు ఊగిపోయాయి. ప్రవక్త ఆ పేరు పలికింది అప్పుడు.

మత్తయి తన సువార్తలో ఆ మాట తెచ్చి యేసు పుట్టుక దగ్గర పెట్టాడు. పెట్టి, మరుసటి అధ్యాయంలో ఏం రాశాడో చూడండి. తల్లీ బిడ్డా రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోవడం, హేరోదు బేత్లెహేములో రెండేళ్ళ లోపు మగపిల్లల్ని చంపించడం. అక్కడే, పిల్లలు లేరని రాహేలనే తల్లి ఏడ్చిన ఏడుపు ఉంది, "ఓదార్పు పొందనొల్లక యుండెను" అని. క్రిస్మస్ ప్రసంగాల్లో ఈ వచనం దగ్గరికి వచ్చేసరికి మేం గబగబా దాటేస్తాం. మత్తయి దాటలేదు. దేవుడు తోడని ఇప్పుడే గదా రాశాను, ఇంకా ఏడుపేమిటని రాహేలును గదమాయించనూ లేదు.

ఇది తీసుకెళ్ళి మీ అత్తగారి మీద ప్రయోగించకండి. ఆవిడ పోగొట్టుకున్నది కొడుకుని. ఆ మాట మీకు చెబుతున్నారో, తనకు తాను చెప్పుకుంటున్నారో!

నా సంగతి చెబుతాను. ముప్పై ఏళ్ళకు పైగా సమాధుల దగ్గర నిలబడి "దేవుడు మీకు తోడు" అన్నవాణ్ణి. మా ఇంటావిడ పోయినప్పుడు అదే మాట పదిమంది వచ్చి నాకు చెబితే కొబ్బరి పీచు నమిలినట్టుంది. మా దోమతెరకు నాలుగు తాళ్ళు. కిటికీ వైపు రెండూ ఆవిడ కట్టేది, గోడ వైపు రెండూ నేను. ఆవిడ పోయాక నా వైపు రెండే కట్టుకుని, రెండో వైపు ముఖం మీద పడుతుంటే అలాగే పడుకునేవాణ్ణి. ఎన్ని వారాలో లెక్కలేదు. గుడిలో గంట కొట్టే ముసలాయన ఒకరోజు తాళంచెవి కోసం వచ్చి చూశాడు. ఏమీ అనలేదు. కిటికీ చువ్వకు ఆ రెండు తాళ్ళూ కట్టి, తెర ఒకసారి దులిపి, తాళంచెవి తీసుకుని వెళ్ళిపోయాడు. ప్రార్థన కూడా చేయలేదు, అప్పుడు చేస్తానంటే వద్దనేవాణ్ణి.

యోహాను 1:14లో వాక్యము శరీరధారియై మన మధ్య "నివసించెను" అని చదువుకుంటాం. గ్రీకులో ఉన్న మాటకి గుడారం వేసుకున్నాడని అర్థం. అరణ్యంలో ఇశ్రాయేలీయుల గుడారాల నడుమ దేవుడు తన గుడారం వేయించుకున్న నిర్గమకాండం గుర్తుకు రావాలనే ఆ మాట ఎంచుకున్నాడని పండితులు అంటారు. సెమినరీలో ఇది నేర్చుకుని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ రాత్రి తెర నాలుగు వైపులా నిలబడితే దాని కింద పడుకుని మళ్ళీ చదువుకున్నాను. ఆవిడ తిరిగి రాలేదు. దిగులు తగ్గిందని కూడా చెప్పను, నిద్ర మాత్రం పట్టింది.

ఇక స్టారు. ఈ ఏడు కట్టకపోతే ఏ వచనమూ అడ్డురాదు, కట్టలేదేమని సంఘంలో ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి. కట్టాలనిపిస్తే పెద్దది వద్దు. వెదురుబద్దలు అయిదు మూలలా కలిపి బిగించేటప్పుడు అవతల ఇంకొకరు పట్టుకోవాలి. మీ అత్తగారిని పట్టుకోమనండి.