తీపి గురించి రాస్తున్న అమ్మాయికి

బరంపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. కడుపు నిండాక కూడా తీపి మీదకి మనసు ఎందుకు పోతుందన్న ప్రశ్న నాకు చాలా నచ్చింది. కానీ రెండో పేరాలోనే "ఇదంతా జిహ్వచాపల్యం" అని తేల్చేశావు. ఆ వాక్యం కొట్టెయ్యి. మనిషిని తప్పుపట్టేశాక ఇక తెలుసుకోవాలన్న ఆసక్తి రాసేవాళ్లకీ ఉండదు, చదివేవాళ్లకీ ఉండదు.

పెళ్లి భోజనాల్లో వడ్డన చూసే ఉంటావు. పప్పు మారు వడ్డించబోతే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టినాయనే ఛెనాపొడ (విరిగిన పాలతో కాల్చి చేసే ఒడియా మిఠాయి) ముక్క వస్తే చెయ్యి తీసేస్తాడు. ఆయన చాలన్నది పప్పుని. తింటున్న రుచి మీద ఇష్టం తగ్గుతుంది, ఇంకా తినని రుచి మీద అంతగా తగ్గదు. తిండి తీరు మీద పరిశోధన చేసే బార్బరా రోల్స్, ఆవిడ తోటి పరిశోధకులు 1981లో మనుషులకి తిండి పెట్టి మరీ ఈ సంగతి చూపించారు. నాలుగు రకాల శాండ్‌విచ్‌లు పెడితే, ఒకే రకం పెట్టినప్పటి కన్నా మూడో వంతు ఎక్కువ తిన్నారు. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే కావాలి, అదే లేదు.

"మన మెదడులో తీపికి స్విచ్ ఉంది" అని రాశావే, అక్కడ నాకు టెన్షన్ వచ్చింది. 2025లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ జర్మనీ పరిశోధన ప్రధానంగా ఎలుకల మీద జరిగింది. ఇక చాలని చెప్పే నాడీకణాలే, పంచదార దొరికేసరికి బీటా ఎండార్ఫిన్‌ని కూడా వదిలాయి. ఒంట్లోనే పుట్టే, నల్లమందు లాంటి హాయినిచ్చే పదార్థం అది. ఆ పదార్థం పనిచేసే దారి మూసేస్తే కడుపు నిండిన ఎలుకలు పంచదార జోలికి పోలేదు. ఆకలితో ఉన్నవాటిలో మాత్రం తేడా రాలేదు. మనుషులకైతే గొట్టంతో పంచదార నీళ్లిచ్చి మెదడు స్కాన్ చేశారు, ఎలుకల్లో ఈ పని జరిగిన భాగమే వాళ్లలోనూ స్పందించింది. అంతవరకే రాయి. ఎలుకని ఎలుకగానే ఉంచు.

ఇప్పుడు నువ్వు అసలు పట్టించుకోని సంగతి. నువ్వుండేది ఒడియా వాళ్లూ, తెలుగువాళ్లూ కలిసుండే పర్లాకిమిడిలో. ఒడియా వాళ్ల విందులో ఖటా (తీపి పులుపు పచ్చడి), ఖీరి (పాయసం) చివరికి వస్తాయి. మన సంప్రదాయ విందులో బూరె మొదటే ఆకులో పడుతుంది, ఆఖరుకి పెరుగన్నం. తీపి చివర్నే తినాలని ఒళ్లు పట్టుబడితే మన పెద్దవాళ్లు ఈ వరస ఎలా పెట్టుకున్నారు? నాకు తోచింది చెప్తాను. కారం, పులుసు తిన్న నోటికి చల్లటి పెరుగు కూడా కొత్త రుచే. అందుకే ఆయాసపడుతూ కూడా "కొంచెం పెరుగు" అంటాం. ఇది నా ఊహే, రుజువు కాదు. నువ్వు రెండు రకాల విందులకీ వెళ్లి, ఎవరు దేనికి చెయ్యి అడ్డం పెడుతున్నారో, దేనికి తీస్తున్నారో చూసి రాసుకో. వంటవాళ్లని, వడ్డించేవాళ్లని అడుగు. ఎంత చెయ్యాలో, ఏది మిగులుతుందో వాళ్లకి బాగా తెలుసు. ఒక వీధిలో రెండు వరసల భోజనాలూ చూడగలిగే అవకాశం అందరికీ దొరకదమ్మా.

ఇంకొకటి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి "మధుర పదార్థాభిలాష" అని రాయొద్దు. మీ అమ్మగారికి చదివి వినిపించు, ఆవిడ ఆగి అడిగిన ప్రతి చోటా వాక్యం మార్చు.

తిరగరాసి దసరాలోపు పంపు. ముందు ఎలుకల పేరా చూస్తాను.