రాత్రి పడుకుంటే చెవిలో గుయ్‌మంటోంది

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 21 ఏళ్లు. రోజూ మిర్యాలగూడ నుంచి నల్లగొండ కాలేజీకి బస్సులో పోతూ వస్తూ ఇయర్‌ఫోన్స్‌లో పాటలు వింటాను. వారం నుంచి రాత్రి పడుకోగానే చెవిలో గుయ్‌మంటోంది. టెన్షన్‌గా ఉంది.

జవాబు: తేలిగ్గా తీసుకోకు బాబూ. ఇంజన్ రొద, కిటికీ అద్దాల గడగడ మీదుగా పాట వినపడాలని సౌండ్ పెంచుతావు, బస్టాండ్‌లో దిగి నడుస్తున్నా అది తగ్గించడం గుర్తుండదు, అసలు చిక్కు అక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో సౌండ్ 80 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలత) అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే 4 గంటలే! లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలు పెద్ద సౌండ్‌కు ఒకసారి చస్తే మళ్లీ పుట్టవు. అందుకే బస్సులో పాటలు మానెయ్, ఇంట్లో సౌండ్ 60 శాతం దాటనివ్వకు. ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించి వినికిడి పరీక్ష చేయించుకో. ఉన్నట్టుండి వినికిడి తగ్గితే మాత్రం అదే రోజు వెళ్లు.