బరంపురంలో చిన్న హాల్లో తెలుగు నాటకం: ఎక్కడ కూర్చోవాలి, పిల్లని తీసుకెళ్ళొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: విజయవాడ నుంచి బరంపురానికి బదిలీ మీద వచ్చారు. ఇక్కడి తెలుగువాళ్ళ హాల్లో వచ్చే నెల హరిశ్చంద్ర నాటకం ఉందని గోడ మీద పోస్టరు చూశారు. ఇంతవరకు ఎప్పుడూ నాటకానికి వెళ్ళలేదు. ఏ వరుసలో కూర్చుంటే బాగుంటుంది, ఆరేళ్ళ పాప కూర్చోగలదా, ఒరియా ఊళ్ళో తెలుగు పద్యాలు వినడానికి అసలు ఎవరొస్తారు అని మీ సందేహం.

నేను పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. మా మేనమామ ఇలాంటి ఒక హాల్లో ఇరవై ఏళ్ళు పరదా లాగాడు. జీతం ఏమీ లేదు, నాటకం అయ్యాక ఒక టీ, పకోడీల పొట్లం. చిన్నప్పుడు ఆయన పక్కన వింగులో నిలబడి చూసేదాన్ని, పెద్దయ్యాక టికెట్టు కొనుక్కుని చూస్తున్నాను. అందుకని కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమీ అనుకోకండి.

ముందు జనం సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా మా బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. వి.వి. గిరి గారు 1894లో పుట్టింది ఈ బరంపురంలోనే. సరిహద్దు గీశారు గాని ఇక్కడి తెలుగువాళ్ళు ఎక్కడికీ పోలేదు. బజార్లో ఒరియా, ఇంట్లో తెలుగు, కోపం వస్తే రెండూ. ఇచ్ఛాపురం ఇక్కణ్ణుంచి పాతిక కిలోమీటర్లే కాబట్టి పేరున్న నటుడు వస్తున్నాడంటే అటునుంచి కూడా ఆటోలు కట్టించుకుని దిగుతారు. హాలు నిండుతుందా అంటే, నిండే రోజూ ఉంది, నలభైమందితో సరిపెట్టుకున్న రోజూ ఉంది. నాకైతే నలభైమంది ఉన్న రోజే ఇష్టం. నటుడు ఎవరి మొహం చూసి పాడుతున్నాడో తెలుస్తుంది.

ముందు వరుసల్లో డెబ్భై దాటిన తాతలు కూర్చుంటారు. వాళ్ళు కథ కోసం రారు, కథ వాళ్ళకి కంఠతా వచ్చు. డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్ర పద్యాలు క్యాసెట్లు అరిగేదాకా విన్నవాళ్ళు. నటుడు పద్యం ఎత్తుకోగానే వాళ్ళ పెదాలు కూడా కదులుతాయి. ఒక మాట తప్పితే నాలుక చప్పరిస్తారు, ఆ చప్పుడు స్టేజీ దాకా వినిపిస్తుంది. మా మావయ్య అనేవాడు, "నాటకం ఎలా ఉందో స్టేజీ వైపు చూడక్కర్లేదే, ముందు వరుస తలకాయలు చూస్తే చాలు" అని.

ఒన్స్ మోర్ సంగతి మీకు ముందే చెప్పాలి, లేకపోతే కంగారు పడతారు. పద్యం మాటలతో అయిపోదు. చివరి పాదం మీద రాగం అందుకుని హార్మోనియం తోడుగా సాగదీస్తారు. చప్పట్లు పడేది అక్కడే. రాగం దించగానే వెనకనుంచి "ఒన్స్ మోర్" అని కేక. కాటికాపరి వేషంలో కుమిలిపోతున్న హరిశ్చంద్రుడు ఠక్కున ఏడుపు ఆపి, హార్మోనియం ఆయన వైపు ఒక చూపు చూసి, మళ్ళీ మొదటినుంచి ఏడవడం మొదలుపెడతాడు. పెళ్ళయిన కొత్తలో మా ఆయన్ని తీసుకెళ్తే ఇది చూసి నవ్వు ఆపుకోలేకపోయారు. పక్కాయన తిరిగి చూసిన చూపుకి ఇంటర్వెల్‌లో సీటు మారాల్సి వచ్చింది. ఇప్పుడు ఒన్స్ మోర్ కొట్టేవాళ్ళలో ఆయనే ముందుంటారు.

ఇంకొకటి. సీను మారగానే హరిశ్చంద్రుడు కూడా మారిపోవచ్చు. అడవిలో ఒకాయన, వారణాసిలో ఇంకొకాయన, కాటి సీనుకి మూడో ఆయన. కాంట్రాక్టు నాటకాల అలవాటు ఇది. పేరున్నవాళ్ళని తలా ఒక ఊరినుంచి పిలిపించి, ఎవరు ఏ సీనులో గట్టివాళ్ళో ఆ సీను వాళ్ళకిస్తారు. మీ పాప "అమ్మా, ఈయనెవరు?" అని అడిగితే "ఈయన కూడా హరిశ్చంద్రుడే" అని చెప్పెయ్యండి. పిల్లలు ఒప్పేసుకుంటారు, పెద్దవాళ్ళకే కష్టం. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది, కాటి సీనులో మాత్రం జాషువా గారి శ్మశానం పద్యాలు కలుపుకుని పాడతారు. చాలామంది ఆ పద్యాల కోసమే చివరిదాకా కూర్చుంటారు, మీరూ మధ్యలో లేచి వెళ్ళిపోకండి.

సీటు విషయానికొస్తే, మొదటి వరుస వద్దు. స్టేజీ నాలుగడుగుల ఎత్తుంటుంది, మెడ పైకెత్తి చూస్తే నటుల గడ్డాలే కనిపిస్తాయి. పైగా ఇది చిన్న హాలు, మేకప్ కింద చెమట, విగ్గు అంచున గమ్ము, మకుటానికి అంటించిన అద్దం బిళ్ళ ఊడిన చోటు, అన్నీ కళ్ళకి కడతాయి. నాలుగో వరుసనుంచి ఆరో వరుస దాకా ఎక్కడైనా మంచిది. మెడ అంతగా ఎత్తక్కర్లేకుండా నటుడి మొహం నిండుగా కనిపిస్తుంది. ఎడమవైపు అయితే హార్మోనియం ఆయన వేళ్ళు కూడా కనిపిస్తాయి, మా హాల్లో ఆయన అటే కూర్చుంటాడు. నటుడు శ్రుతి జారితే ఆయన మెట్టు గట్టిగా నొక్కి దారిలో పెట్టడం చూడొచ్చు. ఫ్యాను కింద సీటు మాత్రం తీసుకోకండి. మంచి పద్యం వచ్చినప్పుడు గాలి చప్పుడుకి అడ్డమని ఫ్యాన్లు ఆపేస్తారు, అప్పుడు అందరికీ ఉక్కే గాని, ఫ్యాను ఉందని అక్కడ కూర్చున్నవాళ్ళకి ఉడుకుమోత్తనం కూడా.

ఇదంతా సరే గాని, చిన్న హాల్లో నాటకమంటే ఏమిటో నాకు తెలిసింది ఒక దోమ వల్ల. నాలుగైదేళ్ళ కిందట, వానాకాలం. ఇదే నాటకం. పాము కరిచి లోహితాస్యుడు చచ్చిపోయాడు, చంద్రమతి కొడుకుని ఒళ్ళో వేసుకుని స్మశానంలో పాడుతోంది. లోహితుడు వేసిన పిల్లాడికి తొమ్మిదేళ్ళుంటాయేమో. కళ్ళు మూసుకుని కట్టెలా పడుకున్నాడు. వాడి చెంప మీద దోమ వాలింది. రోజ్ పౌడర్ రాసిన తెల్లటి చెంప మీద నల్లటి చుక్క, పైన ఫోకస్ లైటు. నాలుగో వరుసలో ఉన్న నాకు దాని కాళ్ళు కూడా కనిపిస్తున్నాయి.

ముందు వరుసలో ఎవరో "అయ్యో" అన్నారు. పద్యానికి అన్నారనుకున్నాను, కాదు. ఒక్కొక్కళ్ళే చూస్తున్నారు, హాలంతా ఆ దోమ మీదే ఉంది. పిల్లాడి రెప్ప ఒకసారి అదిరింది గాని చెయ్యి లేవలేదు. చచ్చిపోయాడు కదా, ఎలా లేస్తుంది! నాకు నా చెంప దురద పెట్టింది. పక్కనున్న పెద్దావిడ తన చెంప గోక్కుంటోంది, నిజం.

చంద్రమతికి విషయం అర్థమైంది. హాల్లో చూపులు తన మొహం మీద లేవని తెలిసిపోయి ఉంటుంది. పద్యం ఆపలేదు. మూడో పాదంలో రాగం ఇంకాస్త లాగి, పమిట చెంగు తీసి, బిడ్డ మొహం తుడుస్తున్నట్టు నుదుటినుంచి గడ్డం దాకా మెల్లగా ఒకసారి రాసింది. దోమ పోయింది. ఆ చెంగు తీసుకెళ్ళి తన కళ్ళకి అద్దుకుని నాలుగో పాదం ఎత్తుకుంది. అప్పుడు పడ్డాయి చూడండి చప్పట్లు. ఒన్స్ మోర్ అని ఎవరూ అరవలేదు, పిల్లాడు మళ్ళీ కుట్టించుకోవాలి కదా. ఆ నటి పెద్ద పెద్ద మైదానాల్లో వేలమంది ముందు పాడినావిడ, అక్కడైతే దోమ సంగతి ఎవరికి తెలుస్తుంది?

ఒరియావాళ్ళు వస్తారా అన్నారు. వస్తారు. ఆ కథ వాళ్ళకీ తెలిసిందే. మా ఎదురింటి అపా, అంటే మన అక్కయ్య, ఆవిడకి తెలుగు "అన్నం తిన్నావా" దగ్గర ఆగిపోతుంది. అయినా నాతో రెండుసార్లు వచ్చింది. కాటి సీనులో నేను చెవిలో అర్థం చెప్పబోతే చేత్తో నా నోరు మూసి, మళ్ళీ కళ్ళు తుడుచుకుంది. నటులకీ ఈ సంగతి తెలుసు. ఇక్కడికి తరచూ వచ్చి నక్షత్రకుడి వేషం వేసే ఒకాయన, అప్పు వసూలు చేసే సీనులో హరిశ్చంద్రుణ్ణి తెలుగులో పీడించి పీడించి, ఉన్నట్టుండి హాలు వైపు తిరిగి "టొంకా కాహిఁ?" అంటాడు, డబ్బెక్కడ అని. ఆ రెండు మాటలకి వెనక వరుసల్లో ఈలలు. వ్యాకరణం సంగతి పెద్దలు చూసుకుంటారు, నాకు మాత్రం అది ఉంటేనే మా ఊరి హరిశ్చంద్ర.

ఇలా కలిసిపోవడం కొత్తేమీ కాదు. మీకు వీలైతే గంజాం పల్లెల్లో ప్రహ్లాద నాటకం ఒక్కసారి చూడండి. భాష ఒరియా. కాని అది పుట్టింది జలంత్రలో, ఇప్పుడది మన శ్రీకాకుళం జిల్లాలోని ఊరు. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి రాజు ఆస్థానంలో తయారైంది. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక మీద హిరణ్యకశిపుడు ఎక్కుతూ దిగుతూ తాండవం చేస్తుంటే కింద ముఖవీణ (సన్నాయిలాంటిది), మద్దెల. రాత్రంతా నడుస్తుంది. నరసింహుడి ముఖం పెట్టుకున్నాక ఆ మనిషికి పూనకం వస్తుందని చుట్టూ పట్టుకోవడానికి మనుషుల్ని ముందే నిలబెట్టుకుంటారు. నేను చూసిన రోజు ఆయన నా వైపే రెండడుగులు వేశాడు, నేను చెప్పులొదిలేసి వెనక్కి పరిగెత్తాను. అక్కడ సీటు నంబరు లేదు, చాప ఎక్కడ పరుచుకుంటే అదే సీటు.

మా హాల్లో చిరాకులు కూడా చెప్పాలి. సన్మానాలు. రెండు సీన్ల మధ్య పరదా వేసి, స్టేజీ మీద కుర్చీలు వేసి, శాలువాలు మొదలుపెడతారు. ఒకసారి ముప్పావు గంట నడిచింది. లోపల హరిశ్చంద్రుడు మేకప్‌తో చెమటలు కక్కుతూ కూర్చున్నాడు, బయట ఎవరో ఆయన నాటకరంగానికి ఎంత సేవ చేశారో చెబుతున్నారు. ఇంకోసారి మేం ముందే డబ్బు కట్టిన సీట్లలో చందాదారుల బంధువుల్ని కూర్చోబెట్టి, మాకు ప్లాస్టిక్ కుర్చీలు చూపించారు నిర్వాహకులు. గొడవ పెట్టుకుంటే మా ఆయన చెయ్యి పట్టుకుని లాగారు. అందుకని టికెట్టు మీద సీటు నంబరు ఉన్నా అరగంట ముందే వెళ్ళి కూర్చోండి. ఆరున్నర అని వేస్తారు, మూడో బెల్లు ఏడుంపావుకి గాని కొట్టరు, అది వేరే విషయం. ఫోన్ల గురించి మాట్లాడి లాభం లేదు. మీది మాత్రం ఆపేయండి, చిన్న హాల్లో తెర వెలుతురు నేరుగా నటుడి కళ్ళల్లో పడుతుంది.

ఇక పాప. ఆరేళ్ళంటే తీసుకెళ్ళొచ్చు, కాని కొంచెం సిద్ధం చెయ్యండి. కథ ముందే చెప్పండి, లోహితుడు చివర్లో బతుకుతాడని తప్పకుండా చెప్పండి. నేను చెప్పలేదు. ఆ దోమ నాటకం రోజు మా అమ్మాయికి ఏడేళ్ళు. సన్మానాల్లో నిద్రపోయి సరిగ్గా పాము కరిచాక లేచింది. మళ్ళీ కాటి సీను అయ్యేసరికి నా ఒళ్ళో ముఖం దాచుకుని ఒకటే ఏడుపు. దేవతలొచ్చి బతికించిన సీను చూడనే లేదు. మంచినీళ్ళ సీసా, చిన్న శాలువా (ఉక్క అన్నాను గాని వానాకాలం రాత్రి తిరుగు దారిలో చలేస్తుంది), తినడానికి చప్పుడు చెయ్యనిది ఏదైనా పెట్టుకోండి. చిప్స్ ప్యాకెట్టు వద్దు, ముందు వరుస తాతలు ఊరుకోరు.

ఎంతకీ ఏడుపు మానకపోతే మావయ్య మమ్మల్ని పక్క తలుపులోంచి గ్రీన్ రూంకి తీసుకెళ్ళాడు. లోహితుడు అక్కడ స్టూలు మీద కూర్చుని బన్ను తింటున్నాడు. మొహాన పౌడర్ అలాగే ఉంది, చెంప మీద ఎర్రగా దద్దురు. మా పిల్ల ఏడుపు ఆపి వాణ్ణి ఎగాదిగా చూసి, "దోమ కుట్టిందా?" అని అడిగింది. నోటినిండా బన్ను ఉంది వాడికి. చెంప చూపించి, మెడ వెనక చూపించి, రెండు అని వేళ్ళు ఎత్తాడు.