పాపని హైస్కూల్లో చేర్చే ముందు

చెల్లీ,

న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంట్ కుదిరిందని మరిదిగారు ఫోన్ చేసినప్పటి నుంచి నీకు రాద్దామనే అనుకుంటున్నాను. ఫోన్లో అయితే నువ్వు సగం విని "సరేలే అక్కా" అంటావు. అందుకే రాస్తున్నా.

ముందు, స్కూలు పేరులో ఆ రీజనల్ ఏమిటని అడిగావు కదా. వెస్ట్ విండ్సర్, ప్లెయిన్స్‌బరో అని రెండు టౌన్‌షిప్పులు. ఒకటి మెర్సర్ కౌంటీలో ఉంది, రెండోది మిడిల్‌సెక్స్‌లో. కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి, వేరైనా రెండూ కలిసి స్కూళ్ళని ఒకే పాలన కింద, ఒకే స్కూల్ డిస్ట్రిక్టుగా నడుపుకుంటాయి. అందుకే ఆ రీజనల్. హైస్కూళ్ళు రెండు: 1973లో తెరిచిన సౌత్, 1997లో వచ్చిన నార్త్. ఏది మంచిదని వాట్సాప్ గ్రూపుల్లో అడిగి బుర్ర పాడుచేసుకోకు, మీ ఇంటి అడ్రసును బట్టి వాళ్ళే వేస్తారు. ఫీజు లేదు. ఖర్చులో పెద్ద భాగం ఇళ్ళ మీద పన్నులోంచే వస్తుంది. మీరు కట్టే అద్దెలో అదీ ఉంది, కాబట్టి ఊరికే చదివిస్తున్నారని మొహమాటపడక్కర్లేదు.

ఇక అసలు సంగతి. అక్కడ ఏం కావాలన్నా పాపే నోరు తెరిచి అడగాలి. నువ్వు అడక్కు.

ఇది నేను చెంపదెబ్బ తిని నేర్చుకున్నాను. మా పెద్దాడు పదకొండో తరగతిలో ఉండగా కెమిస్ట్రీలో 89.4 వచ్చింది. ఇంకొంచెం వస్తే 'A' గ్రేడు వచ్చేదే అని నాకు నిద్ర పట్టలేదు. రాత్రి పదకొండింటికి కూర్చుని, మనం ట్యూషన్ మాస్టారికి రాసినట్టు, వాళ్ళ కెమిస్ట్రీ టీచరుకి రెండు పేజీల మెయిల్ పెట్టాను. పొద్దున్నే రెండే వాక్యాల జవాబు: మీ అబ్బాయిని లంచ్ టైములో వచ్చి కలవమనండి, తనతోనే మాట్లాడతాను. వాడు నాతో రెండ్రోజులు మాట్లాడలేదనుకో. మూడోరోజు తనే వెళ్ళాడు. ల్యాబ్ రిపోర్టుల్లో ఎక్కడ పోతున్నాయో ఆయన వేలు పెట్టి చూపించాడట. మార్కు మాత్రం మారలేదు. ఆ తర్వాత వారానికోసారి వెళ్ళి కూర్చునేవాడు. కాలేజీ అప్లికేషన్లప్పుడు సిఫార్సు ఉత్తరం కావాలంటే వాడికి మొదట గుర్తొచ్చింది ఆయనే. ఆ మెయిల్ ఇప్పటికీ చెరిపెయ్యలేదు నేను, అప్పుడప్పుడూ చదువుకుని సిగ్గుపడతా.

గైడెన్స్ కౌన్సెలర్ అంటే ఏదో సమస్య ఉన్న పిల్లలకని మనవైపు అనుకుంటారు. ఇక్కడ టైంటేబుల్ వెయ్యడం దగ్గర్నుంచి కాలేజీకి ఉత్తరం రాయడం దాకా ఆ ఒక్కరే. మొదటి మీటింగుకి నువ్వు కూడా వెళ్ళు, తప్పులేదు. కానీ "నీకేం ఇష్టం?" అని పాపని అడిగినప్పుడు నువ్వు జవాబు చెప్పకు. మా చిన్నదాని బదులు నేను చెప్పాను. నాలుగేళ్ళూ ఆ దెప్పు పడ్డాను.

న్యూజెర్సీలో హైస్కూలు గట్టెక్కాలంటే 120 క్రెడిట్లు కావాలి. ఇంగ్లీషు నాలుగేళ్ళూ, లెక్కలు, సైన్సు మూడేళ్ళేసి. వ్యాయామం ఏటా ఉంటుంది, మన కార్పొరేట్ స్కూళ్ళలోలాగా ఆ పీరియడ్‌లో లెక్కలు చెప్పుకోవడం కుదరదు. ఓ కళ కూడా తప్పనిసరి. బొమ్మలేస్తుందో, కుండలు చేస్తుందో, బ్యాండులో వాయిస్తుందో దాని ఇష్టానికి వదిలెయ్. ఏపీలు, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు, ఎన్ని తీసుకోవాలని అందరూ నీ చెవిలో జోరీగలా రొద పెడతారు. తొమ్మిదో తరగతిలోనే ఆ మాట ఎత్తకు.

ఆ రొద ఈనాటిది కాదు. 2015లో ఆ స్కూళ్ళన్నిటికీ పెద్ద అయిన సూపరింటెండెంట్ పిల్లల మీద ఒత్తిడి గురించి తల్లిదండ్రులకు పెద్ద లేఖ రాశాడు. హైస్కూల్లో మిడ్‌టర్మ్‌లు, ఫైనల్స్ తీసేశారు, హోంవర్కు లేని రాత్రులు పెట్టారు. చదువు పలచబడిపోతుందని మనవాళ్ళలో చాలామంది లేచారు. నేను కూడా వాళ్ళ వెనక తలూపినదాన్నే. ఇప్పుడు తలుచుకుంటే ఆయన మాటే సబబనిపిస్తుంది.

పాపకి మొదటి నెల కష్టం లెక్కల్లో రాదు, లంచ్‌లో వస్తుంది. ట్రే పట్టుకుని ఏ బల్ల దగ్గర కూర్చోవాలో తెలీకపోవడం ఎంత నరకమో మనకి అర్థం కాదు. డబ్బా నిండుగా తిరిగొస్తే పులిహోర బాగాలేదా అని అడక్కు, ఎవరితో కూర్చున్నావని అడుగు. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే. ఆటలో, మార్చింగ్ బ్యాండులో ఏదైనా చేరాలనుకుంటే ఆగస్టులోనే మొదలవుతాయి, స్కూలు తెరిచేలోగా నలుగురు మొహాలు తెలుస్తాయి. ఆటలకు డాక్టరు సంతకంతో ఫారం కావాలి, దిగిన వారంలోనే ఆ పని చూసుకోండి.

బస్సు రెండున్నర మైళ్ళు దాటి ఉన్నవాళ్ళకి కచ్చితంగా ఇస్తారు. ఆలోపైతే ముందే కనుక్కోండి.

ఇంకోటి, ఇది ఎవరూ ముందుగా చెప్పరు. పాప హెచ్-4 మీద, అంటే మరిదిగారి ఉద్యోగ వీసాని ఆధారం చేసుకుని కుటుంబానికిచ్చే వీసా మీద, ఉంది కదా. పదహారేళ్ళు రాగానే తోటిపిల్లలు ఐస్‌క్రీం షాపుల్లో, పూల్ దగ్గర ఉద్యోగాలకు వెళ్తారు. మన పిల్లలకి జీతం తీసుకునే పని కుదరదు. ఎవరో అడిగితే తెల్లమొహం వేసేదాకా ఉంచకుండా, ముందే కూర్చోబెట్టి చెప్పు. లైబ్రరీలోనో ఆసుపత్రిలోనో వాలంటీరుగా వెళ్ళచ్చని కూడా అప్పుడే చెప్పు.

లాకర్ తాళం గురించి నవ్వకు, దానికి చెవి ఉండదు, అంకెల చక్రం ఉంటుంది. కుడికి తిప్పి, ఎడమకి మొదటి అంకె దాటించి, మళ్ళీ కుడికి తిప్పాలి. మొదటిరోజు అది తెరుచుకోక మా చిన్నది మధ్యాహ్నం దాకా పుస్తకాలన్నీ మోసుకు తిరిగింది. అలాంటి తాళం ఒకటి మా గరాజులో పడుంది. మీరు దిగిన రోజు ఎయిర్‌పోర్టుకి తెస్తాను, కార్లో వచ్చేటప్పుడు తిప్పుకుంటూ కూర్చుంటుంది.

టీకాల కాగితాలు, ఎనిమిదో తరగతి మార్కుల లిస్టు మాత్రం చెకిన్ లగేజీలో పెట్టకు.

మీ అక్క